బాణం పైకా, కిందికా?

ప్రోగ్రామింగ్ భాషల స్పెసిఫికేషన్లు, అంటే వాటి నియమాల పుస్తకాలు, చదవడం నా ఉద్యోగంలో ఓ భాగం. చాలామంది వాటిని ఏదో ఒక్క సందేహం తీరడానికి తెరిచి, తీరగానే మూసేస్తారు. నేను ప్రింట్ తీసుకుని పెన్సిల్‌తో కూర్చుంటాను. రూల్ కనిపించిన ప్రతిచోటా మార్జిన్‌లో ఓ బాణం గీస్తాను. సమాచారం పైకి పోతుంటే పైకి, దిగుతుంటే కిందికి. మా టీమ్‌లో పిల్లలు "అక్క మళ్ళీ బాణాలు మొదలెట్టింది" అని నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆ బాణాల వెనకున్న విషయం పేరు అట్రిబ్యూట్ గ్రామర్, భాష రూల్స్ పక్కనే సమాచారం ఎటు పోవాలో కూడా రాసే పద్ధతి. కంపైలర్ (ప్రోగ్రామ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది) కోర్సులో నాలుగు క్లాసులు చెప్పేసి, పార్సింగ్ (కోడ్‌ని రూల్స్ ప్రకారం విడగొట్టడం) టేబుళ్ళ గొడవలో పడి మర్చిపోయే పాఠం అది. పార్సింగ్ టేబుల్ చేత్తో కట్టాల్సిన అవసరం నాకు ఉద్యోగంలో ఎప్పుడూ రాలేదు. ఈ పాఠం మాత్రం రోజూ వాడుతున్నాను.

సంగతి ఎక్కడ మొదలవుతుందంటే, మామూలు గ్రామర్‌కి చూపు చిన్నది. 1960లో ఆల్గాల్ 60 అనే భాష రిపోర్టు బీఎన్ఎఫ్ అనే రూల్స్ రాసే పద్ధతిలో వచ్చినప్పటి నుంచీ భాష ఆకారం చెప్పడానికి అందరూ ఆ దారే పట్టారు. "ఇఫ్ తర్వాత బ్రాకెట్లో ఓ ఎక్స్‌ప్రెషన్, ఆ తర్వాత ఓ స్టేట్‌మెంట్" అనే మాట అది చక్కగా చెబుతుంది. "నువ్వు వాడుతున్న ఈ వేరియబుల్‌ని ఎక్కడైనా డిక్లేర్ చేశావా?" అని అడగడం దాని వల్ల కాదు. గ్రామర్ ప్రకారం ప్రోగ్రామ్‌ని విడగొడితే ఓ ట్రీ వస్తుంది, అందులో ఒక్కో ముక్క ఓ నోడ్. ఒక్కో రూల్‌కి కనిపించేది ఓ నోడ్, దాని పిల్లలు, అంతే. డిక్లరేషన్ ట్రీలో ఒక కొమ్మ మీద ఉంటుంది, వాడకం ఎక్కడో దూరంగా ఇంకో కొమ్మ మీద. ఈ రెంటికీ మధ్య వార్త ఎవరు మోస్తారు?

1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ రాసిన పేపర్ దీనికి ఇచ్చిన జవాబు చాలా సాదాగా ఉంటుంది. ట్రీలో ప్రతి నోడ్‌కీ కొన్ని అట్రిబ్యూట్లు తగిలించు. ప్రతి గ్రామర్ రూల్ పక్కనా, ఆ రూల్‌లో ఉన్న నోడ్ల అట్రిబ్యూట్లకి ఒకదానితో ఒకటి సంబంధమేంటో సమీకరణాలుగా రాయి. పిల్లల నుంచి లెక్కగట్టి పైకి పంపేవి సింథసైజ్డ్. తల్లి దగ్గర్నుంచో తోబుట్టువుల దగ్గర్నుంచో వచ్చేవి ఇన్హెరిటెడ్. పైకి పంపే పద్ధతి అప్పటికే ఉంది. నెడ్ ఐరన్స్ 1961లోనే ఆల్గాల్ కంపైలర్ కోసం వాడారు. కిందికి కూడా పంపొచ్చు కదా అన్న ఆలోచన పీటర్ వెగ్నర్‌తో మాటల్లో వచ్చిందని కనూత్ తర్వాత రాసుకున్నారు. నా ఉద్దేశంలో అసలు మలుపు అదే. పైకి పంపడం ఎవరికైనా తడుతుంది, తనని తానే పిలుచుకునే రికర్సివ్ ఫంక్షన్ రాసి రిటర్న్ చేస్తే అదే. కిందికి దించడమే ఆలోచించాల్సిన పని.

ఆ పేపర్లో ఉన్న ఉదాహరణ ఇప్పటికీ నాకు తెలిసిన వాటిలో అన్నిటికన్నా మంచిది. బైనరీ సంఖ్య 1101.01 తీసుకోండి. దాని విలువ 13.25. రూల్స్ ఇలా ఉంటాయి:

సంఖ్య → వరుస₁ . వరుస₂
వరుస → వరుస బిట్
వరుస → బిట్
బిట్ → 0 లేదా 1

1 అనే బిట్ విలువ ఎంత? దాన్ని మాత్రమే చూసి చెప్పలేం. మొదటి 1కి విలువ 8, చివరి 1కి 0.25. అది ఏ స్థానంలో ఉందో పైవాళ్ళు చెప్పాలి. అందుకని బిట్‌కి "స్థానం" అనే ఇన్హెరిటెడ్ అట్రిబ్యూట్ పెడతాం. బిట్ 1 అయితే విలువ = 2^స్థానం, 0 అయితే 0. "వరుస → వరుస బిట్" రూల్‌లో బిట్‌కి తల్లి స్థానమే ఇస్తాం, లోపలి వరుసకి తల్లి స్థానం + 1 ఇస్తాం. ఎడమకి జరిగేకొద్దీ స్థానం పెరుగుతుందన్నమాట. చుక్కకి ఎడమ పక్కన వరుస₁.స్థానం = 0. కుడి పక్కన?

వరుస₂.స్థానం = −వరుస₂.పొడవు

ఇక్కడ కాసేపు ఆగి చూడండి. కుడి వరుసలో రెండు బిట్లు ఉన్నాయని తెలియాలంటే ముందు పొడవు కింద నుంచి పైకి రావాలి. వచ్చిన 2ని మైనస్ చేసి మళ్ళీ అదే వరుసలోకి దించాలి. చివరి బిట్‌కి −2 అందుతుంది, దాని ముందు బిట్‌కి −1. అప్పుడు విలువలు పైకి వస్తాయి, 0 + 0.25. అంటే ఒకే కొమ్మలోకి ఓసారి పైకి, ఓసారి కిందికి, ఇంకోసారి పైకి. ఇంత జరుగుతున్నా "ముందు ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి" అని మనం ఎక్కడా రాయలేదు. ఏది దేని మీద ఆధారపడుతుందో మాత్రమే రాశాం. వరస క్రమం ఆ ఆధారాల్లోంచే తేలుతుంది. నాకు అట్రిబ్యూట్ గ్రామర్ మీద ఇష్టం పుట్టింది ఈ ఒక్క సమీకరణం దగ్గరే.

గ్రామర్ ఇస్తే పార్సింగ్ కోడ్ రాసిపెట్టే యాక్ లాంటి పార్సర్ జనరేటర్ వాడినవాళ్ళకి ఇందులో సగమే తెలుసు. $$ = $1 + $3 అంటే మొదటి, మూడో పిల్లల విలువలు కూడి పైకి పంపడం. కిందికి దించే దారి అందులో సరిగా లేదు. $0, $-1 అంటూ పార్సర్ స్టాక్‌లో (అప్పటిదాకా చదివినవి పేర్చిన దొంతరలో) కిందికి చెయ్యి పెట్టి, అక్కడ ఫలానాది ఉంటుందనే నమ్మకంతో లాగుతారు. ఎవరైనా గ్రామర్‌లో ఇంకో చోట అదే నాన్‌టెర్మినల్ (పైన వరుస, బిట్ లాంటి పేరు) వాడారంటే ఆ నమ్మకం పోతుంది, ఎర్రర్ కూడా రాదు. లేదా ఓ గ్లోబల్ వేరియబుల్ పెట్టి "ప్రస్తుత టైప్" అని పేరు పెడతారు. కంపైలర్ కోడ్‌లో "ప్రస్తుత" అని మొదలయ్యే గ్లోబల్ కనిపిస్తే అది పేరు మార్చుకున్న ఇన్హెరిటెడ్ అట్రిబ్యూటే అనుకోండి. వెతకండి, మీ దగ్గరా ఉంటుంది.

సరే, అసలు చెప్పాలనుకున్నది జావా స్పెసిఫికేషన్ 16వ అధ్యాయం గురించి. దాని పేరు డెఫినిట్ అసైన్‌మెంట్, అంటే వేరియబుల్‌కి కచ్చితంగా విలువ ఇవ్వడం. లోకల్ వేరియబుల్‌ని విలువ ఇవ్వకుండా చదివితే జావా కంపైలర్ ఒప్పుకోదు కదా, ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో ఈ అధ్యాయం చెబుతుంది. మొదటిసారి చదివితే లాయర్ నోటీసులా ఉంటుంది. "ఫలానా దానికి ముందు వేరియబుల్ అసైన్ అయి ఉంటుంది, ఎప్పుడంటే మరియు ఎప్పుడు మాత్రమే అంటే…" అని పేజీల కొద్దీ సాగుతుంది. పెన్సిల్ పట్టుకుని చూస్తే అదంతా అట్రిబ్యూట్ గ్రామరే, గణిత గుర్తులు తీసేసి ఇంగ్లీషులో రాశారు, అంతే తేడా. "ముందు" అన్న ప్రతి రూల్ కిందికి దిగే బాణం. "తర్వాత" అన్న ప్రతి రూల్ పైకి పోయే బాణం. బూలియన్ (నిజమో అబద్ధమో తేలే) ఎక్స్‌ప్రెషన్లకి "తర్వాత" రెండుగా చీలుతుంది: నిజమైతే తర్వాత, అబద్ధమైతే తర్వాత.

ఓ చిన్న ముక్క మీద నడిపి చూద్దాం. పేర్లు మన వీలు కొద్దీ తెలుగులో పెట్టుకుందాం. && అంటే రెండు పక్కలా నిజం కావాలని, ఎడమది అబద్ధమైతే కుడిది నడవనే నడవదు:

ఇంట్ మొత్తం;
ఇఫ్ (సరే && (మొత్తం = లెక్కించు()) > 0)
  చూపు(మొత్తం);
ఎల్స్
  చూపు(మొత్తం);

కండిషన్ మొత్తానికి ముందు "అసైన్ అయ్యిందా" అంటే లేదు. ఆ "లేదు" ఎడమ పక్క ఉన్న సరేకి దిగుతుంది. సరే ఏమీ అసైన్ చెయ్యదు కాబట్టి నిజమైనా అబద్ధమైనా "లేదు" అనే పైకి పంపుతుంది. && రూల్ ఏమంటుందంటే, కుడి పక్కకి ముందు ఉండే విలువ ఎడమ పక్క నిజమైతే వచ్చిన విలువ. ఇది తోబుట్టువు నుంచి తోబుట్టువుకి వెళ్ళే బాణం, ఇక్కడా "లేదు". కుడి పక్కన అసైన్‌మెంట్ జరిగిపోయింది, కాబట్టి అది రెండు వైపులా "అవును" పంపుతుంది. ఇప్పుడు && మొత్తం: నిజమైతే కుడి పక్క కచ్చితంగా నడిచి ఉండాలి, కాబట్టి "అవును". అబద్ధమైతే రెండు పక్కల అబద్ధపు దారులూ "అవును" అనాలి, ఎడమది అనలేదు, కాబట్టి "లేదు". ఇఫ్ ఈ "అవును"ని మొదటి చూపుకీ, "లేదు"ని ఎల్స్ కింది చూపుకీ దించుతుంది. మొదటిది పాస్, రెండోది ఎర్రర్. ఒక్కచోట కూడా ప్రోగ్రామ్ నడవలేదు, ట్రీలో అటూ ఇటూ ఒక్కో బిట్ తిరిగిందంతే.

నెగేషన్ ("కాదు" అని తిప్పేసే గుర్తు) రూల్ చూస్తే ముచ్చటేస్తుంది: నిజమైతే, అబద్ధమైతే అన్న రెండు అట్రిబ్యూట్లనీ తారుమారు చేసి పైకి పంపడమే దాని పని మొత్తం. ఇంకో తమాషా ఏంటంటే, "ట్రూ" అనే కాన్‌స్టాంట్ "అబద్ధమైతే తర్వాత" ఏ వేరియబుల్ అయినా అసైన్ అయినట్టే లెక్క. ఆ దారిలో ఎవరూ రారు కాబట్టి ఏం చెప్పినా చెల్లుతుంది. బ్రేక్ స్టేట్‌మెంట్ తర్వాత కూడా అంతే. ఈ రెండూ లేకపోతే అనంతంగా తిరిగే లూప్‌లో లోపలే అసైన్ చేసి బ్రేక్‌తో బయటపడే మామూలు కోడ్‌ని కంపైలర్ తిప్పికొట్టేది.

ఇక్కడిదాకా హాయిగా ఉంటుంది. వైల్ లూప్‌కీ ఫైనల్ వేరియబుల్‌కీ వచ్చేసరికి పెన్సిల్ ఆగిపోతుంది. ఫైనల్ వేరియబుల్‌కి ఒక్కసారే విలువ ఇవ్వాలి, కాబట్టి స్పెసిఫికేషన్ "కచ్చితంగా అసైన్ కాలేదు" అనే ఇంకో అట్రిబ్యూట్ కూడా మోసుకెళ్తుంది. లూప్ కండిషన్‌కి ముందు అది అసైన్ కాలేదని ఎప్పుడనాలి? లూప్‌కి ముందు కాకుండా ఉండాలి, లూప్ బాడీ చివర కూడా కాకుండా ఉండాలి, ఎందుకంటే బాడీ చివర్నుంచి మళ్ళీ కండిషన్‌కే వస్తాం. కానీ బాడీ చివర జవాబు కండిషన్‌కి ముందున్న జవాబు మీదే ఆధారపడి ఉంది. బాణాలు గుండ్రంగా తిరిగి తోక పట్టుకున్నాయి. దీనికి స్పెసిఫికేషన్ రాసినవాళ్ళు వాడిన ఉపాయం "కండిషన్‌కి ముందు అసైన్ కాలేదని అనుకుంటే" అన్న ఒక్క క్లాజు. అవునని ఊహించుకుని మొదలెట్టు, బాడీ మీదుగా ఓ చుట్టు వేసి రా, ఊహ నిలబడితే సరే, నిలబడకపోతే కాదను. గణితం తెలిసినవాళ్ళు దీన్ని ఫిక్స్‌డ్ పాయింట్ అంటారు.

కనూత్ అసలు లెక్కలో ఇలాంటి వలయానికి చోటు లేదు. ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా, ఏ ట్రీ వచ్చినా వలయం పుట్టకూడదు, పుట్టదని గ్రామర్ చూసే ముందుగా చెప్పగలగాలి. ఆ పరీక్ష చేసే అల్గారిథమ్‌ని కూడా ఆయన 1968 పేపర్లో ఇచ్చారు, అది సరిగా లేదని 1971లో సవరణ వేశారు. 1975లో జజయేరి, ఆగ్డెన్, రౌండ్స్ కలిసి, ఈ పరీక్షకి ఎలా చేసినా ఎక్స్‌పొనెన్షియల్ సమయం (గ్రామర్ పెరిగేకొద్దీ రెట్లకి రెట్లు పెరిగేది) తప్పదని నిరూపించారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ వాడుకలో పెద్ద అడ్డు కాలేదు. టూల్స్ రాసేవాళ్ళు తేలిగ్గా పరీక్షించగల చిన్న తరగతులతో సరిపెట్టుకున్నారు. ఎడమ నుంచి కుడికి ఒక్క చుట్టులో అయిపోయేవి ఎల్-అట్రిబ్యూటెడ్. మన బైనరీ సంఖ్య ఆ తరగతిలోకి రాదు, వరుస₂ తన పొడవే తనకి కావాలంటుంది కాబట్టి. ఉవే కాస్టెన్స్ 1980లో వివరించిన ఆర్డర్డ్ తరగతి ఇంకాస్త విశాలం, అందులోకి వస్తుంది.

వలయం ఉన్నా జవాబు తేలే గ్రామర్లని తోసెయ్యకుండా ఫిక్స్‌డ్ పాయింట్ వరకు తిప్పవచ్చని 1986లో రాడ్నీ ఫారో చూపించారు. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో పుట్టిన జాస్ట్‌యాడ్ అనే టూల్‌లో ఈ సదుపాయం ఉంది. దానితో కట్టిన జావా కంపైలర్‌లో 16వ అధ్యాయం కోసం ఓ ఫైల్ విడిగా ఉంటుంది. తీరిక దొరికితే స్పెసిఫికేషన్ ఒక పక్క, ఆ ఫైల్ ఒక పక్క పెట్టుకుని చదవండి. వాక్యానికి వాక్యం సరిపోతూ వెళ్తుంది. వైల్ లూప్ దగ్గర ఆ "అనుకుంటే" అన్న క్లాజు ఉన్నచోట, ఇది వలయం, ట్రూతో మొదలెట్టు అన్న ఒక్క గుర్తు కనిపిస్తుంది.

తలనొప్పులూ ఉన్నాయి, దాచడం ఎందుకు. మొదటిది కాపీ రూల్స్. డిక్లేర్ చేసిన పేర్ల పట్టిక అయిన సింబల్ టేబుల్‌ని వాడే నోడ్ ట్రీ అడుగున ఎక్కడో ఉంటుంది. అక్కడిదాకా చేర్చాలంటే మధ్యలో ఉన్న ప్రతి రూల్‌లోనూ "పిల్ల.పరిసరం = తల్లి.పరిసరం" అని రాయాలి. భాష పెద్దదైతే గ్రామర్లో సగం ఇదే. 1982లో జర్మనీ బృందం ఒకటి ఏడా భాష సెమాంటిక్ అనాలిసిస్ (అర్థం సరిచూసే పని) మొత్తాన్నీ అట్రిబ్యూట్ గ్రామర్‌గా రాసి వెయ్యగా అది ఓ పుస్తకమే అయింది. ఇప్పటి టూల్స్ కాపీల్ని వాటంతట అవే పూరిస్తాయి, లేదా అట్రిబ్యూట్ విలువగా ట్రీలోని ఇంకో నోడ్‌నే ఇవ్వనిస్తాయి. వాడకం నోడ్ తన డిక్లరేషన్ నోడ్‌ని నేరుగా వేలు పెట్టి చూపిస్తుంది, మధ్యలో మోతకూలీ అక్కర్లేదు.

రెండోది, ఈ పద్ధతి ట్రీ ముందే ఉందనుకుని మొదలవుతుంది. సీ భాషలో ఎ * బి; అని రాస్తే అది గుణకారమా, బి అనే పాయింటర్ డిక్లరేషనా అన్నది ఎ టైప్ పేరా కాదా అన్నదాని మీద ఉంది. అంటే ట్రీ కట్టడానికే అట్రిబ్యూట్ కావాలి. దీనికి అందమైన పరిష్కారం నేనెక్కడా చూడలేదు. కోడ్‌ని పదాలుగా విడగొట్టే లెక్సర్ చెవిలో టైప్ పేర్లు ఊదడమే అందరూ చేస్తున్నది.

మా ఆఫీసులో నేను చూసుకునే భాష ఇంత పెద్దది కాదు. రిపోర్టులు తయారుచేసేవాళ్ళు లెక్కలు రాసుకునే ఫార్ములా భాష. టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అబ్బాయి దాని టైప్ చెకర్ (విలువల రకాలు సరిపోయాయా అని చూసేది) రాస్తూ వచ్చి అడిగాడు: "అక్కా, ఖాళీ లిస్టు టైప్ ఎలా కనుక్కోవాలి? లోపల ఏమీ లేదు కదా."

"లోపల వెతక్కు, పైన అడుగు."

టైప్ అంటే పైకే రావాలని అతని లెక్క. మేం ప్రతి ఎక్స్‌ప్రెషన్‌కీ రెండు అట్రిబ్యూట్లు పెట్టాం: "కావలసిన రకం" కిందికి, "దొరికిన రకం" పైకి. ఫంక్షన్ కాల్ అయితే ఫంక్షన్ రకం ముందు తెలుసుకుని, దాని ప్యారామీటర్ల రకాల్ని ఆర్గ్యుమెంట్లకి దించుతాం. ఖాళీ లిస్టు తనకి దిగొచ్చిన రకాన్నే తన రకంగా పైకి పంపేస్తుంది. ఇఫ్ ఎక్స్‌ప్రెషన్ కండిషన్‌కి బూలియన్ దించుతుంది, రెండు కొమ్మలకీ తనకి వచ్చిందే దించుతుంది. టైప్ థియరీ వాళ్ళు దీన్ని బైడైరెక్షనల్ టైపింగ్ అంటారు, పియర్స్, టర్నర్ 1998 పేపర్ తర్వాత బాగా వ్యాపించింది. అక్కడి వాదన వేరే దారిలో వచ్చింది, బాణాలు మాత్రం అవే.

దానికి మేం చేర్చిన మూడో అట్రిబ్యూట్ మీద నాకు కొంచెం గర్వం కూడా ఉంది. పేరు "ఎందుకు కావాలి". కావలసిన రకంతో పాటే అది కూడా కిందికి దిగుతుంది. అందుకే మా ఎర్రర్ మెసేజ్ "సంఖ్య కావాలి, తేదీ వచ్చింది" అని ఆగదు. "సగటుకి మొదటి ఆర్గ్యుమెంట్ కాబట్టి ఇక్కడ సంఖ్య కావాలి, తేదీ వచ్చింది" అంటుంది. ఫార్ములా ఎంత లోతుగా ఉన్నా కారణం అడుగుదాకా చేరుతుంది. గ్లోబల్ వేరియబుల్స్‌తో ఇది చేద్దామని చూసి ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు విసిగి తీసేసేవారు.

కంపైలర్ల బయట కూడా బాణాలు గీయడానికి బోలెడు చోటుంది. వెబ్ పేజీ లేఅవుట్‌నే తీసుకోండి. బ్లాకులకి అందుబాటులో ఉన్న వెడల్పు తల్లి నుంచి కిందికి దిగుతుంది, ఎత్తు పిల్లల నుంచి పైకి వస్తుంది. మెయెరోవిచ్, బోడిక్ అనే ఇద్దరు లేఅవుట్ రూల్స్‌ని అట్రిబ్యూట్ గ్రామర్‌గా రాసి, ట్రీలో ఒకదానితో ఒకటి సంబంధంలేని కొమ్మల్ని ఒకేసారి వేరువేరు ప్రాసెసర్ కోర్ల మీద లెక్కగట్టించారు. సమీకరణాల్లో వరస క్రమం రాయకపోవడం వల్ల దొరికిన లాభం అది. ఇక వెబ్ పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్‌లో పిల్లకి హైట్ 50% అని పెట్టినా ఏమీ మారడం లేదని తల పట్టుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. తల్లి ఎత్తు ఆటో అయితే అది పిల్లల మీద ఆధారపడుతుంది, పిల్ల ఎత్తేమో తల్లిలో సగం కావాలంటోంది. వలయం. జావా వాళ్ళలా ఊహించుకుని ఓ చుట్టు తిప్పే ఓపిక సీఎస్ఎస్ 2.1 పెట్టుకోలేదు. తల్లి ఎత్తు స్పష్టంగా ఇవ్వకపోతే పిల్ల శాతాన్ని కూడా ఆటోగానే లెక్కెయ్యమని ఓ రూల్ రాసి, కిందికి దిగే ఆ బాణాన్నే తెంపేసింది.